అమ్మవారు బేరానికి ఒప్పుకోని పొద్దు

ఇది మహాకావ్యం. ఇందులో తుపానుంది, పతివ్రత మొక్కుంది, దేవత అలకుంది. అలాగని కాళ్లు కడుక్కుని కూర్చోకండి. కథానాయకుడు మేకపోతు.

అరవైల మొదట్లో నేను నెల్లూరు కాలేజీలో అర్థశాస్త్రం చదువుతూ, సెలవులకు మైపాడు పక్క పల్లెలో ఉండే పిన్నమ్మ ఇంటికి వెళ్లాను. అంతకు కొద్ది వారాల ముందు తుపానుకు బాబాయి పడవ కనబడకుండా పోయిందట. “ఆయన్ని ఒడ్డుకు చేర్చు తల్లీ, పోతునిస్తా” అని పిన్నమ్మ మొక్కుకుంది. ఆయన చేరాడు, జువ్వలదిన్నెలో ఎవరింట్లోనో పులుసన్నం తిని మరీ. సరుకు ముందు, చెల్లింపు తర్వాత. మా అమ్మవారు అరువిచ్చే రకం. కానీ మొక్కు తీరేదాకా ఆ పడవ నీళ్లలో దిగకూడదు.

తీరడమంటే మాటలు కాదు. పసుపునీళ్లు చల్లితే పోతు ఒళ్లు విదిలించాలి. అదే అమ్మవారి అంగీకారం. సరిగ్గా మొక్కు తీర్చే పొద్దే కవళ్ల చేపల గుంపు ఒడ్డు దగ్గరికొచ్చింది. ఊరి పడవలన్నీ వెళ్లిపోయాయి. బాబాయి పడవ ఇసుకలో ఉంది. పోతు రాతిబొమ్మలా ఉంది.

పూజారి దాని వీపు మీద ఇంకో చెంబు పోశాడు. “ఏందో లోటు చేసినావమ్మా. తల్లి మొహం తిప్పుకోనుండాది.”

“కోడిని గూడా ఇస్తా తాతా,” అంది పిన్నమ్మ.

మళ్లీ పోశాడు. పోతు నెమరు వేసింది.

“కొత్త కోక?” అన్నాడు పూజారి.

“అదీ ఇస్తాలే!” బాబాయి తలగుడ్డ ఇసుకలో కొట్టాడు. “ఆడ మీనంతా పరాయోళ్ల పాలైపోతా ఉండాది!”

ఇక నా చదువు ఊరుకోలేదు. “పిన్నమ్మా, దీన్నే గుత్తాధిపత్యం అంటారు. ఊరికి ఒకటే అంగడైతే ధర ఇట్నే పెరుగుతుంది.”

“నీ సదువు తగలెయ్య, గమ్మునుండు! అమ్మ వింటాది.”

“విననీ. పక్కూరి అమ్మవారు ఒట్టి పోతుకే ఒప్పుకుంటుందంట. పోతును అటు తోలకపోదామా?”

ఇది పూజారికి వినబడేటట్టే అన్నాను. ఆయన నావైపు ఒక చూపు చూశాడు. చెంబు మెల్లగా వీపు మీంచి తల దగ్గరికి జరిగింది. పోతు కొమ్ముల నుంచి తోక దాకా దడదడా విదిలించింది. డప్పులు మోగాయి. పిన్నమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. బాబాయి ప్రసాదానికైనా ఆగకుండా పడవ దగ్గరికి పరుగెత్తాడు.

ఆ సాయంత్రం మాంసంలో మొదటి వాటా తుపానులో పడవలు పోయిన ఇళ్లకు వెళ్లింది. కోడి కూడా అటే వెళ్లింది. ఆ అధ్యాయం నా పాఠ్యపుస్తకంలో లేదు. కోక మాత్రం పూజారి భార్య కట్టుకుంది. ఆ అధ్యాయం ఉంది.

అన్నట్టు, చెవిలో నీళ్లు పడితే ఏ మేకైనా ఒళ్లు విదిలిస్తుంది.