సున్నం పూసిన కుండ

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో నాకు ప్రమోషన్ మీద కన్నా ఒక పిలుపు మీద ఎక్కువ ఆశ ఉండేది. ఉక్కు ఫ్యాక్టరీలో మా సెక్షన్ వాళ్లంతా ఒకరినొకరు ‘బావా’ అని పిలుచుకునేవారు. గోదావరి నుంచి వచ్చిన నన్ను మాత్రం ‘సారూ’ అనేవారు. (నేనెవరికీ సారును కాను, అందరిలోకీ చిన్న ట్రైనీని.) ‘బావా’ అన్న పిలుపు అందరికన్నా ఎక్కువగా అందుకునేవాడు మా ఫిట్టరు. ప్రతి ఆదివారం దువ్వాడ అవతల మేనమామ తాటితోపు నుంచి కల్లు తెచ్చేవాడు. ఒక్క గుక్క పడగానే "బావ తెచ్చిన కల్లే కల్లు!" అంటూ అంతా వాణ్ణి నెత్తిన పెట్టుకునేవారు. నిజం చెప్పొద్దూ, నాకు కడుపు మండిపోయేది. చెట్టు కార్చినదానికి వీడి గొప్పేమిటి?

ఒక శనివారం ఉండబట్టలేక అనేశాను, "రేపు కల్లు నాది. నా క్వార్టర్‌లోనే పులియబెడతాను. కెమిస్ట్రీ చదివినవాడికి అదో లెక్కా?" ఫిట్టరు ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు. (అది అసూయేనని ఎంత సంతోషించానో!)

తెల్లవారగానే సైకిలెక్కి ఇంకో తోపుకి వెళ్లాను. చెట్ల కింద అప్పుడే రసంతో దింపిన కుండల్లో కొన్ని లోపల నల్లగా, పాత నురగ ఎండి వాసన కొడుతున్నాయి. కొన్ని తెల్లగా మెరిసిపోతున్నాయి. కల్లు గీసే పెద్దాయన "దేనికి బాబూ?" అని అడగబోతే, "ఆ శుభ్రమైన కుండ ఇవ్వండి చాలు" అన్నాను.

ఇంటికి తెచ్చి ఎండలో పెట్టాను, దుప్పటి కప్పాను, గంటకోసారి చెవి ఆనించి విన్నాను. చిన్న బుడగ చప్పుడైనా లేదు. మంచి సరుకు నెమ్మదిగా పులుస్తుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మధ్యాహ్నం అంతా వచ్చి కూర్చున్నారు. రెండేసి గ్లాసులు అయినా ఎవరికీ మాట తడబడలేదు. చివరికి క్రేన్ ఆపరేటరు పెదాలు చప్పరించి, "ఇది కల్లేటి సారూ? సంటిపిల్లకి పట్టొచ్చు!" అన్నాడు. గది గొల్లుమంది. ఫిట్టరు కుండ లోపల వేలితో గీకి నాలిక్కి రాసుకున్నాడు. "సున్నం పూసిన కుండ సారూ ఇది. పులవకండా పూత్తారు. బెల్లం వండుకోడానికి దింపింది నువ్వు తెచ్చేసినావు."

మళ్లీ నవ్వులు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇక వచ్చే ఆదివారం వీళ్ల మొహం ఎలా చూడాలి?

"నవ్వింది సాల్లెండెహె," అని ఫిట్టరు నావైపు తిరిగాడు. "నువ్వు స్టవ్వు ఎలిగించు బావా!"

ఎవరిని అన్నాడా అని వెనక్కి చూశాను. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

పొద్దు వాలేదాకా వాడు మిగిలిన రసాన్ని మరిగిస్తూ గరిటె తిప్పుతూనే ఉన్నాడు. చిక్కటి పాకంలో కొబ్బరి ముక్కలు వేస్తే అంతా వేళ్లు నాక్కుంటూ తిన్నారు. తిని, "బావ వండితే అదే రుచి!" అని వాణ్ణే పొగిడారు. కుండ నాది, స్టవ్వు నాది, పేరు మాత్రం వాడిది!

ఇప్పుడు నేను నిజంగానే సార్‌ని. క్రేన్ ఆపరేటరుతో సహా ఆ జట్టంతా చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. రిటైరైన ఫిట్టరు మాత్రం ఏటా వేసవిలో తాటిబెల్లం వండి పంపుతాడు. మా ఆవిడ ఓ ముక్క నోట్లో వేసుకుని, "అన్నయ్యగారి చెయ్యే చెయ్యి!" అంటుంది. ఈ వయసులో కూడా నాకు చురుక్కుమంటుంది. ఆ చెయ్యికి మొదటి కుండ అందించింది నేనేనని చెప్పబోతుంటే ఫోను మోగుతుంది.

"బెల్లం అందిందేటి బావా?"

నన్నలా పిలిచేవాడు ఇప్పుడు వాడొక్కడే.

"అందింది బావా. ఈసారి కాస్త తీపి తగ్గింది," అంటాను, మూడో ముక్క నములుతూ.