రెండు వేల తొంభై తొమ్మిది నిజాలు

పొద్దున ఆరున్నరకు కంట్రోల్ రూమ్ తలుపు తీయగానే బాబాయ్ చేసే మొదటి పని గోడ గడియారం వంక చూడటం. రెండో పని, తన చేతి గడియారం వంక చూడటం. మూడో పని, బయటికి వెళ్లి గేటు దగ్గరి సెక్యూరిటీ అతన్ని "టైమెంతయిందయ్యా?" అని అడగటం. మూడూ ఒకే మాట మీద ఉంటేనే కుర్చీలో కూర్చునేవాడు. లేకపోతే నాలుగో సాక్షిని వెతుక్కుంటూ వెళ్లేవాడు.

ఆయనకున్నది ఒకే ఒక్క జబ్బు. యంత్రం చూపించిన అంకెను చచ్చినా నమ్మడు. అందుకే ఆ ఆసుపత్రిలో డాక్టర్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ల దాకా అందరికీ ఆయన అనుమానాల బాబాయ్.

ఆ జబ్బున్న మనిషికి దేవుడిచ్చిన ఉద్యోగం చూడండి. అంత పెద్ద ఆసుపత్రిలోని ఫ్యాన్లు, పంపులు, ఏసీలు అన్నీ కంప్యూటర్ తెర మీద చూసుకోవడం! ఎక్కడెక్కడో గోడలకు బిగించిన సెన్సార్లూ, మోటార్లూ, వాల్వులూ తెర మీద ఒక్కొక్కటి ఒక్కో వరుసగా కనిపిస్తాయి. ఒక్కో వరుసను పాయింటంటారు. అలాంటివి రెండు వేల వంద. కుర్చీలోంచి లేవకుండా అన్నీ చూసుకోవచ్చనే ఆ సిస్టమ్ పెట్టించారు. బాబాయ్ మాత్రం చొక్కా జేబులో గాజు థర్మామీటరు పెట్టుకుని, రోజుకు డెబ్బై చొప్పున, నెలకొకసారి అన్ని పాయింట్లనూ పలకరించి వచ్చేవాడు. తెర ఇరవై నాలుగు డిగ్రీలంటే వెళ్లి చూసి, అక్కడా ఇరవై నాలుగే ఉంటే కాస్త నిరాశగా టిక్ పెట్టేవాడు.

"నిజమే చెప్పింది. ఇవాళ్టికి."

ఇలాంటి మనిషికి కొత్త ఇంజనీరమ్మను అప్పగించారు. పాత సిస్టమ్ తీసేసి కొత్తది పెడుతున్నారు. ఆలోగా ప్రతి పాయింటు దగ్గరికీ వెళ్లి, తెర చూపేదీ అక్కడున్నదీ ఒకటేనా అని సరిచూసి, లిస్టు చివర ఆమె సంతకం పెట్టాలి. ఆమెకది మొదటి ఉద్యోగం, మొదటి సంతకం.

పని అప్పగించిన మేనేజరు ఆమెను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పాడు. ఆయన్ని వెనకాల పర్సెంటు సారనేవారు. మంచినీళ్లు తాగినా గ్లాసులో నూటికెంత తాగాడో చెప్పగల మనిషి.

"చూడమ్మా, ఆ పెద్దాయన పని తిరగడమే. తిరిగి సాధించిందేంటో మనకు తెలియాలి. లిస్టులో నూటికి పది తప్పులు తేలాయనుకో, ఆయన తిరుగుడంతా వట్టిదని రాసేసి ఆ పోస్టు ఎత్తేయొచ్చు."

"తేలకపోతే సార్?"

"తేలతాయి. మనుషులన్నాక నూటికి పది తప్పులుంటాయి."

ఆమె తల ఊపింది. మొదటి వారంలో ఎవరు ఏం చెప్పినా తల ఊపడమే కదా ఉద్యోగం.

మొదటి రోజు లిఫ్టులో ఐదో అంతస్తుకు బయల్దేరారు. తలుపు తెరుచుకుంది. పైన ఎర్రగా ఐదు వెలుగుతోంది. బాబాయ్ ఒక కాలు లిఫ్టులోనే ఉంచి, తల మాత్రం బయటపెట్టి, అటుగా పోతున్న నర్సును అడిగాడు.

"సిస్టరమ్మా, ఇది ఐదేనా?"

"ఐదే బాబాయ్. నిన్నా ఐదే, మొన్నా ఐదే."

"రేపటి మాట అడగలేదుగా, ఎందుకమ్మా కోపం?"

ఇంజనీరమ్మకు నవ్వాగలేదు. నవ్వకూడదని లిస్టులో తల దూర్చింది.

ఇంట్లోనూ ఇదే వరసట. ఒకరోజు ఆయన ఫోను మరిచిపోయి వెళితే, కంట్రోల్ రూమ్‌కు వచ్చిన ఫోను ఇంజనీరమ్మ ఎత్తింది. అవతల పిన్నిగారు.

"అమ్మా, ఆయన ఫోను ఇంట్లోనే ఉందని చెప్పు. నమ్మరనుకో. దాన్ని మోగించి వినిపిస్తాను, ఉండు."

"పర్లేదు పిన్నిగారూ, చెబుతాను."

"పెళ్లయి ముప్పై రెండేళ్లమ్మా. తలుపు తీస్తే ఇప్పటికీ నా ముఖం ఒకసారి పరీక్షగా చూసుకుని గానీ లోపలికి రారు!"

డైరెక్టరు గారి గది సంగతి ఆసుపత్రంతా చెప్పుకునేది. చలేస్తోందని ఆయన ఫోన్ చేశాడు. తెర మీద ఇరవై నాలుగు. బాబాయ్ వెళ్లి, మీటింగు నడుస్తుండగా బల్ల మధ్య థర్మామీటరు పెట్టి, చేతులు కట్టుకుని ఐదు నిమిషాలు నిలబడ్డాడు. అందరూ దానివంకే చూస్తూ మాట్లాడటం మానేశారు.

"ఇరవై నాలుగేనండి. మీకు చలి లేదు."

"నాకు చలేస్తోందయ్యా!"

"అది మీ సొంత విషయమండి," అని, ఆయన్ని కుర్చీలో ఉండగానే నాలుగడుగులు పక్కకు జరిపేశాడు. నెత్తి మీది ఏసీ గాలి తప్పింది. డైరెక్టరు గారికి చలి తగ్గింది, కోపం పెరిగింది.

ఇంకోసారి ఆపరేషన్ థియేటర్ ఫ్యాను తిరుగుతోందని తెర పచ్చగా చూపిస్తోంది. బాబాయ్ వెళ్లి గాలి వచ్చే కంత దగ్గర పల్చని కాగితం ముక్క పట్టుకున్నాడు. కాగితం కదల్లేదు. మోటారు తిరుగుతోంది గానీ బెల్టు తెగి ఫ్యాను నిద్రపోతోంది. మోటారుకు కరెంటు అందిందా లేదా అన్నదే సిస్టమ్‌కు తెలుసు, గాలి సంగతి దానికి తెలియదు. మర్నాడు జరగాల్సిన ఆపరేషన్లు అలా గండం గడిచి బయటపడ్డాయి. దానికి బాబాయ్‌కు ఇచ్చిన బహుమతి, అనుమతి లేకుండా సీలింగు విప్పినందుకు ఒక మెమో. ఆయన దాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకుంటూ, "తేదీ మాత్రం సరిగ్గానే వేశారు," అన్నాడు.

ఇరవై తొమ్మిది రోజులు గడిచాయి. ఇంజనీరమ్మ కాళ్లు వాచిపోయాయి, తప్పు మాత్రం ఒక్కటీ దొరకలేదు. పర్సెంటు సారు రోజూ సాయంత్రం అడిగేవాడు.

"ఎంత?"

"సున్నా సార్."

"నూటికా?"

"మొత్తానికి."

ఆయన ముఖం చూస్తే సున్నాకు కూడా పర్సెంటు తీయలేకపోతున్నందుకు ఏడుపొస్తున్నట్టుండేది.

ముప్పయ్యో రోజు ఆఖరి డెబ్బైలో ఒక వరుస దగ్గర ఆమె వేలు ఆగింది. కింది అంతస్తు, స్టోరు నాలుగు. తెర మీద ముప్పై ఎనిమిది డిగ్రీలు.

"బాబాయ్ గారూ, ఇది..."

"ముప్పై ఎనిమిదే. టిక్ పెట్టుకో."

"వెళ్లి చూడొద్దా?"

"నేను చూశానుగా."

"ఎప్పుడు?"

"ఎప్పుడో ఒకప్పుడు. నీ టీ చల్లారిపోతోంది, తాగమ్మాయ్."

లిఫ్టును నమ్మని మనిషి, కట్టుకున్న భార్య ముఖాన్ని నమ్మని మనిషి, ఈ ఒక్క అంకెను చూడకుండా నమ్మమంటున్నాడు! అనుమానం అంటువ్యాధి. నెలరోజులు పక్కన తిరిగితే ఎవరికైనా అంటుకుంటుంది. ఆయన భోజనానికి వెళ్లగానే ఆమె ఒక్కతే కిందికి దిగింది.

స్టోరు నాలుగులో స్టోరు లేదు. ఒక పెద్ద ఆవిరి ఇస్త్రీ మిషనూ, ఏడుగురు ఆడవాళ్లూ ఉన్నారు. ఆసుపత్రి దుప్పట్లన్నీ అక్కడే ఇస్త్రీ అవుతాయి. పైన ఫ్యాను హోరుమంటూ తిరుగుతోంది. ఆమె బ్యాగులోంచి తన థర్మామీటరు తీసి చూసింది. ఇరవై తొమ్మిది. గోడ మీద సెన్సారు ఉండాల్సిన చోట రెండు మేకు కన్నాలూ, తెల్లటి చదరపు మచ్చా మిగిలాయి. వైరు పట్టుకుని వెతికితే అది మిషను మీదికి పాకింది. అక్కడ, ఆవిరి బుసకొట్టే చోట, గుడ్డపేలికతో కట్టి ఉంది సెన్సారు.

"దాన్ని ముట్టుకోకు తల్లీ," అంది అందరిలోకి పెద్దావిడ. మిగతావాళ్లు ఆమెను పెద్దక్కా అంటున్నారు. "అది ముప్పై ఎనిమిదంటేనే మాకు గాలి."

"మీరు ఇక్కడ ఎన్నాళ్ల నుంచి పనిచేస్తున్నారు?"

"మేమా? మేమిక్కడ లేమమ్మా."

"అంటే?"

"కాగితంలో లేము. కాగితంలో దుప్పట్లే ఉన్నాయి," అంది పెద్దక్క మడత ఆపకుండా. వెనకాల ఎవరో, "దుప్పటిగా పుట్టినా బాగుండేదక్కా!" అంది. ఏడుగురూ నవ్వారు. ఇంజనీరమ్మకు మాత్రం నవ్వు రాలేదు.

బాబాయ్ తప్పించుకోలేదు. అడగ్గానే చెప్పేశాడు.

"డ్రాయింగు గీసిన రోజున అది దుప్పట్లు దాచే స్టోరు. స్టోరుకు గంటకు పది నిమిషాలు గాలి చాలు. తర్వాత మిషను తెచ్చి అందులో పడేశారు. మిషను వెనకాల మనుషులొచ్చారు. డ్రాయింగులోకి మాత్రం రాలేదు. ఐదు ఉత్తరాలు రాశాను. నాలుగింటికి జవాబు లేదు. ఐదోదానికి వచ్చింది. 'డ్రాయింగు ప్రకారం సదరు గదిలో మనుషులు లేరు. కావున వారికి ఉక్కపోత ఉండదు.'"

"అలాగే రాశారా?"

"ఫుల్‌స్టాపులతో సహా. అదే వారం ఒకమ్మాయి కళ్లు తిరిగి మిషను మీద పడబోయింది. స్టూలేసుకుని సెన్సారు విప్పాను. స్టోరులో ముప్పై ఐదు దాటితే సరుకు పాడవుతుందని ఫ్యాను ఆగకుండా తిరగాలని రూలుంది. మనుషులకు లేదు గానీ దుప్పట్లకుంది రూలు. పదకొండేళ్లయింది."

"మరి మిగతావన్నీ ఇంత పట్టుదలగా ఎందుకు చూస్తారు?"

బాబాయ్ మొదటిసారి ఆమెను జాలిగా చూశాడు.

"ఎక్కడో ఒక అంకె తప్పిందనుకో, ఏమంటారు? అన్నీ తనిఖీ చెయ్యండంటారు. తనిఖీకొచ్చినవాడు దీన్ని పట్టుకోడూ? ఒక్క అబద్ధం నిలవాలంటే చుట్టూ రెండు వేల తొంభై తొమ్మిది నిజాలను కాపలా పెట్టాలమ్మాయ్. కాళ్లు అరిగాయి గానీ, నిలిచింది."

ఆమె పెన్ను తీసింది. "నేను టిక్ పెట్టేస్తాను బాబాయ్ గారూ. ఎవరికీ తెలియదు."

"పెడితే ఏమవుతుంది? కొత్త సిస్టమ్‌లో ఆ రూలే లేదు. స్టోర్లన్నీ టైమ్ టేబుల్ మీద నడుస్తాయి. నెల తిరక్కుండా ఫ్యాను ఆగిపోతుంది. వాళ్ల గాలీ పోయె, నీ సంతకమూ పోయె."

"మరేం చెయ్యాలి?"

"తప్పని రాయి. మార్చింది నేనని రాయి."

"మీకింకా ఏడు నెలలే ఉంది రిటైర్మెంటుకు!"

"ఉత్తరానికి జవాబివ్వరమ్మాయ్. తప్పు చేస్తే మాత్రం వెంటనే ఇస్తారు. దానికి ఫారముంది," అన్నాడు, ఆ ఫారమేదో తన కోసమే కుట్టించిన కొత్త చొక్కా అయినట్టు.

ఆమె రాసింది. పర్సెంటు సారుకు మాత్రం పండగలా ఉంది. ఒక్క తప్పయితేనేం, కావాలని చేసిన తప్పు! మూడో రోజే విచారణ పెట్టించాడు. విచారణ చేసే ఆఫీసరు ఫారం చదువుతూ నాలుగో ప్రశ్న దగ్గర ఆగాడు.

"ఆ గదిలో పనిచేసే వ్యక్తుల సంఖ్య, వారి సాక్ష్యం, సంతకాలు. ఎంతమంది?"

"సున్నా. అది స్టోరు," అన్నాడు పర్సెంటు సారు.

"అయితే సాక్షుల్లేరు. ఈయన ఒప్పుకున్నా సరే, సాక్షుల్లేకపోతే తప్పు రుజువు కాదు. ఈయన్ని తీసేయడం కుదరదు."

సారు చెమట తుడుచుకున్నాడు. మనుషులు లేరంటే బాబాయ్ ఉంటాడు. బాబాయ్ పోవాలంటే మనుషులుండాలి. పాపం, పర్సెంట్లకు లొంగని లెక్క ఆయనకు ఎదురవడం అదే మొదలు. చాలాసేపు బల్ల గీకి, చివరికి కోపమే గెలిచి, "ఏడుగురు. పిలిపించండి," అన్నాడు.

ఏడుగురూ వచ్చారు గానీ ఎవరూ బాబాయ్ పేరెత్తలేదు.

"మాకేం తెలీదు బాబూ," అంది పెద్దక్క. "ఆ సెన్సారు తనంతట తనే ఎక్కిందేమో."

బాబాయ్ లేచి నిలబడ్డాడు. జీవితంలో ఎవరినీ ఏదీ బతిమాలని మనిషి చేతులు జోడించాడు.

"నా మీద చెప్పండమ్మా, మీకు పుణ్యముంటుంది! నేను స్టూలెక్కడం చూశారా లేదా?"

"చూస్తే మాత్రం, నీ మీద చెబుతామా అన్నయ్యా?"

"చెప్పు పెద్దక్కా. చెప్పి, సంతకం పెట్టు. నువ్వా గదిలో ఉన్నావని కాగితం మీద పడనీ."

పెద్దక్క ఆయన ముఖంలోకి చూసింది. ఫారం వంక చూసింది. తర్వాత పెన్ను అందుకుని, కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి సంతకం పెట్టింది. "చూశాను. నేనక్కడే ఉన్నాను. పదకొండేళ్లూ అక్కడే ఉన్నాను." మిగతా ఆరుగురూ వరసగా పెట్టారు. అంత సంతోషంగా దోషిగా తేలిన మనిషిని ఆ ఆఫీసరు అంతకుముందు చూసి ఉండడు.

ఆ సాయంత్రమే బాబాయ్ గుర్తింపు కార్డు తీసేసుకున్నారు. వీడ్కోలు లేదు, దండ లేదు, నాలుగు మంచి మాటలు లేవు. ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి గేటు దాటుతుంటే రిజిస్టర్లో సంతకం పెట్టించుకున్నారంతే. ఏడుగురు మనుషులున్నారని విచారణ కాగితం చెప్పాక ఆ గదిని స్టోరని పిలవడానికి సేఫ్టీవాళ్లు ఒప్పుకోలేదు. కొత్త సిస్టమ్‌లో ఆ వరుస పేరు మార్చారు. "ఇస్త్రీ పని గది. మనుషులు: 7." పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఫ్యాను. సిబ్బంది సౌకర్యం తన హయాంలో నూటికి పద్నాలుగు పెరిగిందని పర్సెంటు సారు నివేదిక పంపుకున్నాడు. దాని మీద ఆయనకొక ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

కబురు చెబుదామని ఇంజనీరమ్మ ఒక ఆదివారం పొద్దున్నే వాళ్లింటికి వెళ్లింది. పిన్నిగారు నోటి మీద వేలుంచుకుని, మెల్లగా లోపలికి రమ్మంది.

బాబాయ్ ఇప్పుడు ఊరి చివర రెండు గదుల ఇంట్లో ఉంటున్నాడు. రోజూ ఎనిమిదిన్నర దాకా నిద్రలేవడు.