తాత ఫోటోలోని కోటు

హిందూపురంలో ఒక ముసలి టైలర్ టేపు తీసే ముందు మనిషి భుజాల మీద రెండు అరచేతులూ ఆనించి కాసేపు అలాగే నిలబడేవాడు. నా పెళ్లికి, తాత పెళ్లి ఫోటోలో వేసుకున్నటువంటి కోటే కుట్టమని ఆయన దగ్గరికి వెళ్లాను.

ఫోటో వెలుతురులో పట్టుకుని చూసి, "ఈ కోటు మీ తాతది కాదప్పా. భుజాలు ఎట్ల జారిపోతాండాయో చూడు. స్టూడియోవాళ్లు తొడిగిచ్చిండేది," అన్నాడు.

నా ముఖం వాడిపోయింది. తాత కుట్టించుకున్నాడనే ఇంట్లో అందరం గొప్పగా చెప్పుకునేవాళ్లం.

ఆయన మాత్రం వెడల్పు కాలరు, ఆరు గుండీలు, అన్నీ పాత పద్ధతిలోనే పెట్టి చేత్తో కుట్టాడు. బాగుందన్నా వినకుండా కోటు ఎడమ చెయ్యి రెండుసార్లు విప్పి మళ్లీ వేశాడు.

"సంగతి ఇంట్లో చెప్పాలా?" అని అడిగాను.

"ఫోటోలో మీ అవ్వ పక్కనే ఉండాది కదా. ఆమెకు తెలిసే ఉంటాదిలే."

పెళ్లిరోజు అవ్వ నా కోటు తడిమి, మెల్లగా అడిగింది: "ఇదన్నా సొంతమేనా, నాయనా?"