ఎడమొహం పెడమొహం మరలు

ఇరవై ఏళ్లుగా ల్యాబులో కట్టుడు పళ్లు చేస్తున్న ఆమెను అందరూ పళ్లక్క అనేవారు. ఒకరోజు క్లినిక్ డాక్టరు, ఆమె చేసిన పళ్లవరసను రెండోసారి వెనక్కి తెచ్చాడు.

"అక్కా, నోట్లో పెడితే కుంటిపీటలా ఊగుతోంది."

"నా పనిలో తేడా లేదు బాబూ, మీరు నోట్లో తీసిన అచ్చులో ఉంది. పదండి, చూస్తాను."

క్లినిక్‌లో కుర్చీ మీద రిటైరైన బస్సు కండక్టరు విసుగ్గా నోరు తెరిచాడు. పళ్లవరసను పట్టి ఉంచడానికి దవడ ఎముకలో బిగించిన నాలుగు మరలూ తలోదిక్కుకు వాలి ఉన్నాయి.

"ఇవి ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి. అచ్చు పైకి లాగినప్పుడల్లా సాగిపోతోంది," అందామె.

ఆమె చెప్పినట్టే డాక్టరు ఒక్కో మరకు ఒక్కో లోహపు పుల్ల బిగించి, ఆ పుల్లలను రెసిన్ అనే గట్టిపడే జిగురుతో ఒకదానికొకటి కలిపాడు. రెసిన్ గట్టిపడుతూ ముడుచుకుంటుంది కనుక మధ్యలో కోసి, కాస్త కొత్త రెసిన్‌తో మళ్లీ అతికించాడు. పైన రంధ్రాలున్న తొట్టెలో అచ్చుముద్ద నింపి నోట్లో పెట్టాడు. అచ్చు గట్టిపడ్డాక ఆ రంధ్రాల్లోంచి పుల్లలను మరల నుంచి వదులు చేసి, అప్పుడు పుల్లలతో సహా అచ్చు తీశాడు.

వారం తర్వాత కొత్త వరస పెట్టి, సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి ఒక చివర మాత్రమే బిగించారు. రెండో చివర వెంట్రుకంత కూడా లేవలేదు.

"అమ్మయ్య!" అంటూ కండక్టరు పళ్లు టకటకలాడించాడు.

అప్పటినుంచి అలాంటి నోరు వస్తే డాక్టరు అచ్చు తీయకముందే పళ్లక్కకు ఫోన్ చేసేవాడు.