పిట్టల్ని తోలే గొంతు

“అరవకండి మామ్మగారూ, పోలీసులొస్తారు” అన్నాను నేను వంటగదిలోంచి, తల కూడా తిప్పకుండా.

“నేనేం అరిసినానే? అరసనులే, పో” అంది ఆవిడ.

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. మా అక్క కూతురు కల్యాణి ఇక్కడే, సింగపూర్‌లో, ఆస్పత్రిలో నర్సు. ముసలివాళ్లను చూసుకునే పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు చదువుతారు, చెప్పు పిన్నీ, నేను రాస్తాను అంది. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. అందుకని నేను చెబుతున్నాను, తను రాస్తోంది.

అది కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. బిషాన్ అనే పేటలో పదో అంతస్తు ఫ్లాట్. మా ఆయన పోయాక నేను హెల్పర్‌గా, అంటే ఇంట్లోనే ఉండి పనిచేసే మనిషిగా, సింగపూర్ వచ్చాను. అది నేను చేరిన రెండో ఇల్లు. సారుది బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగం, మేడమ్‌దీ ఉద్యోగమే. పగలంతా ఇంట్లో నేనూ, సారు వాళ్లమ్మగారూ. ఆవిడ అనంతపురం వైపు జొన్నచేలు చేసిన మనిషి. ఎనభై దాటాయి. డిమెన్షియా ఉంది. మతిమరుపు అంటారు గానీ అది మరిచిపోవడం ఒక్కటే కాదు. మనిషి ఇప్పటి కాలంలోంచి జారిపోయి వెనకటి కాలంలో ఎక్కడో కూర్చుంటుంది. మామ్మగారు వెళ్లి కూర్చున్న చోటు మంచె.

జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో చేలో నాలుగు గుంజలు పాతి మంచె కడతారట. దాని మీద నిలబడి పొద్దునా సాయంత్రం కేకలు వేసి పిట్టల్ని తోలాలి. చిన్నప్పట్నుంచీ ఆవిడ చేసింది అదే. ఇక్కడ పదో అంతస్తు కిటికీ ఆవిడకి మంచె అయింది. కింద చెట్ల మీద లెక్కలేనన్ని మైనాలు. తెల్లవారగానే కిటికీ దగ్గర కుర్చీ వేయించుకునేది. పాలలో కలుపుకునే మైలో పొడి ఖాళీ డబ్బా మీద గరిటెతో కొడుతూ “హో... హోయ్” అని కేక వేస్తే ఎదుటి బ్లాకులో మనుషులు తలలు తిప్పి చూసేవారు.

వద్దంటే నా మీద విరుచుకుపడేది. “కండ్లు కనపడవా నీకు? సేనంతా తిని పోతాయి. రేపు నీ మొగునికి ఏం పెడతావే?” నాకు మొగుడు లేడని ఆవిడకి గుర్తుండేది కాదు. ఒక్కోరోజు నేనూ పక్కన నిలబడి కేక వేసేదాన్ని. మీ గోదావరోళ్ల గొంతు పిట్టకి కాదు కదా ఈగకి కూడా వినపడదని నవ్వేది. ఆ ఇంట్లో నేను నవ్వింది ఆ పొద్దుటి పూటలే.

కింది ఇంటాయన తువాస్ వైపు ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ చేసేవాడు. మేము పిట్టల్ని తోలే వేళకి వచ్చి పడుకునేవాడు. మొదట ఆయనే పైకి వచ్చి చేతులు జోడించినంత పని చేశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆయన్ని తప్పు పట్టను. డబ్బా దాచేశాను. కేకలు మాత్రం ఆగలేదు. తర్వాత ఫ్లాట్ల ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆ తర్వాత ఒక పొద్దున పోలీసులు వచ్చారు, ఒక అమ్మాయి, ఒక మగమనిషి.

మా ఊళ్లో గుమ్మంలోకి పోలీసు వస్తే ఆ ఇంటి పరువు అయిపోయినట్టే. ఇక్కడ నా పర్మిట్, అంటే ఈ దేశంలో పనిచేసే అనుమతి, పోయిందనుకున్నాను. పోలీసమ్మాయి గుమ్మంలోంచే మామ్మగారిని చూసింది. ఆవిడ గోడకి ఒదిగి కూర్చుని ఉంది.

“నాట్ అఫెన్స్ లా, ఆంటీ. ఓల్డ్ పీపుల్, వాట్ టు డూ” అంది ఆ అమ్మాయి. ఇది నేరమేమీ కాదు అని. ఆ ‘లా’ ఇక్కడివాళ్ల ఊతపదం. మరీ పొద్దున్నే కిటికీ వేసి ఉంచమంది. పొరుగువాళ్లతో పొసగకపోతే మీడియేషన్ ఉంది, మధ్యలో ఒక మనిషి కూర్చుని ఇద్దరి చేతా మాట్లాడిస్తారు, వెళ్లండి అంది. నేను విన్నాను. నాకు ఆ మాత్రం ఇంగ్లీషు అర్థమవుతుంది. విన్నది వదిలేసి, చూసిన యూనిఫాంని పట్టుకున్నాను.

సాయంత్రం సారు వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. “సత్యమ్మా, ఇంకొక్క కంప్లైంట్ వస్తే అమ్మని హోమ్‌లో చేర్చక తప్పదు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి” అన్నాడు. హోమ్ అంటే ముసలివాళ్లని ఉంచే చోటు. ఆవిడ తెలుగు అర్థమయ్యేవాళ్లు అక్కడ ఎవరుంటారు? ఆవిడ వెళ్లిపోతే ఆ ఇంట్లో నాకూ పని ఉండదు.

నేను చేసింది ఇది. మర్నాడు ఆవిడ నోరు తెరవగానే, చంటిపిల్లలకి బూచి చెప్పినట్టు, పోలీసులొస్తారు అన్నాను. చటుక్కున ఆగింది. అన్నం తిన్నదో లేదో గుర్తుండని మనిషికి ఆ బెల్టూ ఆ టోపీ గుర్తున్నాయి. రోజుకి పదిసార్లు అన్నాను. వారం తిరిగేసరికి చాలాసార్లు అనక్కర్లేకపోయింది. మైనాలు వాలితే చీర కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లు పెద్దవి చేసుకుని చూసేది. చేను పోతోందని ఆ కళ్లమ్మట నీళ్లు కారేవి. సారు నన్ను మెచ్చుకున్నాడు. మేడమ్ కొత్త చీర పెట్టింది. తీసుకున్నాను.

ఆ రోజు ఎండ బాగా ఎక్కాక నేను పప్పుకి తాలింపు పెడుతున్నాను. హాల్లోంచి మూలుగు వినపడింది. పిట్టలు వాలి ఉంటాయనుకున్నాను. ఆ మాట అన్నాను. ఆవిడ ఆ జవాబు చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది. పప్పు దించి, అప్పడాలు కూడా వేయించి, అప్పుడు వెళ్లాను. కుర్చీలో ఒరిగిపోయి ఉంది. జాకెట్ చెమటకి తడిసిపోయింది. కొంగు సగం నోట్లో ఉంది. పళ్లు దిగి చిరిగింది.

డాక్టరు గుండెపోటు అన్నాడు. చాలా నొప్పి వచ్చి ఉంటుంది, నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా, అరవలేదా అని అడిగాడు. లేదు అన్నాను. ఎందుకు అరవలేదో చెప్పలేదు. సారుకీ ఇంతవరకు చెప్పలేదు. ఆస్పత్రిలోనే నాకు ఏడుపు తన్నుకొచ్చి నోరు తెరిస్తే, మేడమ్ నా భుజం పట్టుకుని, ఇక్కడ గట్టిగా ఏడవకూడదు సత్యమ్మా అంది.

ఆవిడ పోయిన మూడో రోజు కింది ఇంటాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కొన్నాళ్లుగా పెద్దావిడ గొంతు వినపడటం లేదు, ఒంట్లో బాగాలేదేమో, వచ్చి అడుగుదామనుకుంటూనే మొహమాటపడ్డాను అన్నాడు. కింద పడుకునే మనిషికి తెలిసింది ఏదో తేడాగా ఉందని. ఆవిడ పక్కనే ఉన్న నేను మాత్రం అదంతా నా పనితనం అనుకున్నాను.

కొత్తగా వచ్చేవాళ్లకి చెప్పేది ఒక్కటే. ఈ జబ్బు మనిషి తిండి మరిచిపోతుంది, కన్నకొడుకుని మరిచిపోతుంది, భయాన్ని మరిచిపోదు. ఆవిడ నోరు చట్టం మూయించలేదు. చట్టం వదిలేసి వెళ్లింది. నేను మూయించాను. ఇప్పుడు చేస్తున్న ఇంట్లో ముసలాయన పగలంతా నన్ను తిడుతూ ఉంటాడు. తిట్టనిస్తాను. దానివల్ల ఆవిడకి ఒరిగేదేమీ లేదు.

అంతే కల్యాణీ. మధ్యలో నేను ఆగినా నీ పెన్ను ఆగలేదు, ఏదో కలిపావు, చూశాను. మా పిన్ని తప్పేం లేదని రాసి ఉంటావు. రాసి ఉంటే తీసెయ్యి. తీసేసి, మొదటి మాట నుంచి నాకు చదివి వినిపించు.