ఎర్రబండపల్లి బంతిభోజనం

ఆ శనివారం మధ్యాహ్నం నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. ఎర్రబండపల్లి చర్చి షెడ్డులో మా కోసం విస్తరాకులు వేసి ఉంటే, నేను మాత్రం సంచిలోంచి పెరుగన్నం పొట్లం తీసుకుని, వేపచెట్టు నీడకు పోయి తిన్నాను. తినడమే కాదు, తింటున్నంతసేపూ నన్ను నేనే మెచ్చుకున్నాను. కరువు ఊరికి వచ్చి, వాళ్ల మెతుకు ముట్టకుండా పోతున్నామని.

మా సంఘంలో తర్వాతి నెలల్లో ఆ ఊరికి పోవాలనుకుంటున్నవాళ్లు దారి గురించీ, బస్సుల గురించీ రాసి పెట్టమన్నారు. అవి రాస్తాను. ఈ తప్పు గురించి కూడా రాస్తే మీరు మళ్లీ చేయకుండా ఉంటారు.

మాది తాడిపత్రి లూథరన్ సంఘం. ఎక్కువమంది బండల పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు. నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను, సంఘంలో పెద్దగా ఉన్నాను. మా ఇళ్లలో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తారు. నెలాఖరుకు ఆ డబ్బాలన్నీ చర్చికి వస్తాయి. దాన్నే పిడికెడు బియ్యం అంటాం. రాతిపొడి మింగి బతికే ఇళ్లు మావి. ఆ ఇళ్ల నుంచి మూట నిండుతుందంటే నాకు ఎప్పుడూ గర్వమే.

ఆ నెల బియ్యం గోరంట్ల దగ్గరి ఎర్రబండపల్లికి పంపాలని తీర్మానించాం. అక్కడి సంఘం చిన్నది. వయసులో ఉన్నవాళ్లంతా బెంగళూరు కట్టడాల పనులకు పోగా మిగిలిన ముసలివాళ్ల కోసం, ఆ సంఘం ఆడవాళ్లు రోజూ మధ్యాహ్నం ఒక పూట వండి పెడుతున్నారు. దాన్ని నడిపే రాహేలమ్మ ముందురోజే ఫోన్ చేసింది. "అన్నం మా కాడే అన్నా" అంది. "మాకేం చేయొద్దమ్మా, మీరే కష్టంలో ఉన్నారు" అన్నాను. "రాండన్నా, చూద్దాం" అని పెట్టేసింది. నేను దాన్ని సరే అనుకున్నాను.

శనివారం తెల్లవారి ఐదున్నరకు తాడిపత్రి బస్టాండులో ముగ్గురం కలిశాం. నేను, మా పాస్టరు అయ్యగారు, స్త్రీల సమాజం సంపూర్ణమ్మ. రెండు మూటల బియ్యం, మూడు పొట్లాల పెరుగన్నం. సంపూర్ణమ్మ ఆధార్ కార్డు చూపించి ఉచిత టికెట్ తీసుకుంది. మగవాళ్లకూ, మూటలకూ మాత్రం టికెట్ తప్పలేదు. "ఏమన్నా, కండక్టర్‌గా చేసి కూడా లగేజీకి కొట్టిస్తివా?" అని ఆ కండక్టర్ పిల్లవాడు నవ్వాడు. "నేను కొట్టినన్ని ఎవరూ కొట్టలేదు, ఇప్పుడు నా వంతు" అన్నాను.

ఏడు దాటాక అనంతపురంలో దిగి బస్టాండు పక్కన ఉగ్గాని, బజ్జీ తిన్నాం. గోరంట్ల బస్సు ఏడున్నరకు. మూటలుంటే వెనక తలుపు దగ్గర సీటు పట్టుకోండి, లేకపోతే దారిలో ఎక్కేవాళ్లందరి తిట్లూ మీకే. పెనుకొండ వైపు పోతుంటే రెండు పక్కలా చెనక్కాయ చేన్లే. ఊడలు దిగే సమయంలో వాన మొహం చాటేసింది. ఆకు ముడుచుకుని, నేల బీటలు వారి ఉంది.

నా పక్కన కూర్చున్న రైతు కాలితో మూటను తట్టాడు. "ఏమప్పా, ఇది కంట్రోలు బియ్యమేనా?"

"కాదన్నా, మా చర్చి బియ్యం."

మూట మూతి దగ్గర కుట్టు సందులోంచి నాలుగు గింజలు అరచేతిలోకి రాల్చుకుని చూశాడు. "ఒకటి సన్నం, ఒకటి దొడ్డు, ఇదేమో కంట్రోలుదే. ఎవరు కలిపినారప్పా దీన్ని?"

"యాభై ఇళ్లు కలిపినాయి."

"వండేటోళ్లకు చానా ఓపిక ఉండల్ల" అని గింజలు నోట్లో వేసుకున్నాడు.

పది దాటాక గోరంట్లలో దిగాం. అక్కడ మస్తాన్ ఆటోతో ఎదురుచూస్తున్నాడు. ఎర్రబండపల్లి వాడే. మూటలు తానే ఎత్తి పెట్టుకున్నాడు. ఎంత అని అడిగితే, "మనిషికి షేర్ ఆటో రేటే అన్నా, బియ్యానికి దుడ్లు తీసుకోను. మా జేజి రోజూ ఆడే తింటాది" అన్నాడు. దారిలో ఊరి సంగతి చెప్పాడు. పేటలోని, అంటే ఊరి బయటి దళితవాడలోని, ముసలివాళ్లంతా చర్చి షెడ్డుకు వస్తారు. తన జేజి, అంటే నాయనమ్మ, వస్తుంది. ఊళ్లోవాళ్లు మాత్రం ఎవరూ రారు. ఆకలి లేక కాదు. పేటవాళ్లు వండింది తిన్నామంటే నలుగురూ ఏమంటారోనని.

"ఈపొద్దు మాత్రం నారాయణప్ప వస్తానన్యాడు" అన్నాడు మస్తాన్. "రాహేలమ్మత్త నెల నుంచి పిలుస్తాండాది. పెద్ద రైతు ఒకప్పుడు. పెండ్లాము పోయింది, కొడుకు బెంగళూరులో. ఒక పూట వండుకుంటాడు, ఒక పూట పండుకుంటాడు. బయటూరి నుంచి పెద్దమనుషులు వస్తాండారు, వాళ్ల బంతిలో కూచో అని చెప్పి ఒప్పించింది."

ఈ మాట నేను విన్నాను. విని కూడా నాకు అర్థం కాలేదు. కొండ మీద గాలిమరలు చూస్తూ ఉండిపోయాను.

ఎర్రబండపల్లి చర్చి చిన్నది. కానీ దాని నేల చూడాలి మీరు. నాలుగేళ్ల కింద మా పాలిష్ పనివాళ్లు ఫ్యాక్టరీల్లో మిగిలిన ముక్కలు యజమానులను అడిగి తెచ్చి, ఆదివారాలు నునుపు చేసి, లారీలో పంపారు. నల్లవి, పచ్చవి, బూడిదరంగువి. ఏ రెండు ముక్కలూ ఒక సైజు కావు. అయినా ఎక్కడా కాలికి తగలదు. అయ్యగారు చెప్పులు విడిచి అరికాలితో ఒకసారి నిమిరి, నావైపు చూసి నవ్వారు.

వంట దగ్గర రాహేలమ్మ కట్టెల పొగలో ఉంది. నలభై దాటిన మనిషి, గొంతు పెద్దది. మూట విప్పి బియ్యం చూసి సంపూర్ణమ్మతో, "అక్కా, మీ యాభై మంది అత్తాకోడండ్లను ఒక కుండలో పోస్తిరి. యాడ ఉడకల్ల ఇవి?" అంది. ఇద్దరూ నవ్వుకుంటూ దొడ్డు గింజలు ఏరడానికి కూర్చున్నారు. ఆ పూటకు మాత్రం వాళ్ల సొంత రాగులతో సంగటి, చెనక్కాయల పచ్చడి ఊరిబిండి, కోడికూర. ఆ కోడి పేటలో ఎవరో ఇచ్చినది. ఇంతలో జబ్బుపడిన ఒకాయన కోసం ప్రార్థన చేయమని అయ్యగారిని పేటలోకి పిలుచుకుపోయారు.

పన్నెండున్నరకు షెడ్డులో ఆకులు వేశారు. పేట ముసలివాళ్లు, మస్తాన్ జేజి ఒక వరసలో కూర్చున్నారు. ఎదురు వరసలో మొదటి ఆకు నాకు. దాని పక్కన నారాయణప్ప. ఉతికిన పంచె, భుజాన తువ్వాలు, మనిషి ఎండు కంది కట్టెలా ఉన్నాడు. ఆయన వెనక ఊళ్లోవాళ్లే ఇంకో ముగ్గురు, కూర్చోవాలో వద్దో తెలియక నిలబడి ఉన్నారు.

"కూచోండన్నా" అంది రాహేలమ్మ.

నేను అందరికీ వినపడేటట్టు అన్నాను: "వద్దమ్మా, మా అన్నం మేం తెచ్చుకున్నాం. ఈ కరువులో మీ తిండి మేం తినకూడదు. ఇది పాపం ఈ ముసలోళ్లకు పెట్టండి."

అని చెట్టు కిందికి పోయాను. నేను పొట్లం విప్పేసరికి నారాయణప్ప లేచాడు. "నాకు ఆకలి లేదమ్మా" అన్నాడు. "మా ఇంట్ల పొయ్యి ఉండాది." తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పోయాడు. నిలబడిన ముగ్గురూ ఆయన వెనకే పోయారు. మస్తాన్ జేజి ఒక్కతే, "యాడికి పోతాండారు అందరూ?" అని అడిగింది.

నేను తినడం పూర్తి చేశాను. అదీ చెప్పాలి. చేయి కడుక్కుంటుంటే రాహేలమ్మ చెంబు పట్టుకుని వచ్చింది.

"బాగుండెనా అన్నా, పెరుగన్నం?"

"బాగుందమ్మా."

"మేం పెడితే తినేటోళ్లు ఈ ఊర్లో తక్కువన్నా. మీరు మావోళ్లే అనుకుంటిమి."

"కరువు కదా అని..." అన్నాను.

"కరువు మాకు తెలీదా? మీరు కూచోనుంటే ఇది విందు అయ్యుండు. ఆ పెద్దాయన చుట్టమై తినేటోడు. మీరు పక్కకు పోయి దీన్ని ధర్మసత్రం చేస్తిరి. సత్రంలో ఆయనెట్ల తింటాడు?"

గొంతు పెంచలేదు. చెంబు నా చేతికిచ్చి పోయింది. నేను వాదించబోయాను, కానీ ఎవరితో వాదించాలి? మా తాత గురించి మా నాయన చెప్పేవాడు. ఊళ్లోవాళ్లు ఎత్తి పోసిన నీళ్లు దోసిలిలో తాగేవాడట. పేటవాళ్లు ఇచ్చింది ముట్టనివాళ్ల గురించి విని పెరిగినవాణ్ని నేను. అలాంటి పేటలోనే, అదే పని, ఇంకో కారణం చెప్పి చేశాను.

కొద్దిసేపటికి అయ్యగారు తిరిగొచ్చారు. ఏం జరిగిందో సంపూర్ణమ్మ చెప్పింది. ఆయన పోయి బంతిలో కూర్చుని సంగటి పెట్టించుకున్నారు. నేనూ పోయి పక్కన కూర్చున్నాను. కడుపు నిండి ఉన్నా ఒక ముద్ద తిన్నాను. కానీ నా పక్క ఆకు ఖాళీగానే ఉంది.

గోరంట్ల నుంచి అనంతపురానికి నాలుగు గంటల బస్సు మాకు అనువైనది. మరుసటి రోజు ఆదివారం, అయ్యగారు తాడిపత్రిలో ఆరాధన నడపాలి. వాళ్లిద్దరినీ ఆ బస్సుకు పంపి నేను ఆగిపోయాను. సాయంత్రం ఎండ తగ్గాక నారాయణప్ప ఇంటికి పోయాను. ఏమైనా తీసుకుపోదామా అని రాహేలమ్మను అడిగితే, "ఏమీ వద్దు, ఒట్టి చేతులతో పో" అంది.

ఆయన అరుగు మీద అలసంద కాయలు ఒలుస్తున్నాడు. నేను కింద మెట్టు మీద కూర్చున్నాను.

"పెద్దాయనా, మధ్యాహ్నం నేను చేసింది తప్పు."

"నీ కూడు నువ్వు తింటివి. దాంట్లో తప్పేముండాదప్పా?"

"నా కూడు తిన్నందుకు కాదు. నిన్ను పాపం ముసలోడు అన్నందుకు."

ఆయన కాయలు ఒలవడం ఆపలేదు. "నేను నెల రోజులు ఆలోచన చేసి వస్తినప్పా. ఊర్లో ఎవరేమన్నా అననీలే అనుకుంటి. మీవోళ్లు వండింది నువ్వే తినకపోతివి. నేనెట్ల తినేది?"

"రేపు నేను కూర్చుంటాను. నా పక్కన ఎవరూ లేకపోతే రాహేలమ్మ నన్ను సంగటి కట్టెతో కొడుతుంది."

"కొట్టల్ల" అన్నాడు. ఇంకో కాయ ఒలిచి, "చూద్దాంలే" అన్నాడు. ఆ 'చూద్దాం' అవునో కాదో ఈసారి నేను తేల్చుకోలేదు.

బస కావాలంటే చర్చిలోనే పడుకోవచ్చు. చాప, దుప్పటి ఇస్తారు. ఆ బండలు వేసవిలో కూడా చల్లగా ఉంటాయట.

ఆదివారం ఆరాధన అయ్యాక మళ్లీ ఆకులు వేశారు. నేను మొదటి ఆకు ముందు కూర్చున్నాను. పక్కది ఖాళీ. రాహేలమ్మ వడ్డించడం మొదలుపెట్టకుండా కుండను ఊరికే కలుపుతూ ఉంది. మస్తాన్ జేజి, "కలిపింది చాల్లే, పెట్టు" అని గదమాయించింది.

అప్పుడు వచ్చాడు నారాయణప్ప. తువ్వాలులో అలసందలు మూట కట్టుకుని తెచ్చాడు. నేరుగా పొయ్యి దగ్గరికి పోయి మూట చాచాడు. రాహేలమ్మ కొంగు పట్టి పోయించుకుంది. ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. సంగటి వేసింది, పులుసు పోసింది. ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, "పులుసులో ఉప్పు తక్కువైండాది" అన్నాడు.

"రేపొచ్చి నువ్వే వెయ్యి పెద్దాయనా" అంది రాహేలమ్మ.

నేను తల దించుకుని తిన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంత ఊరిబిండి కారమే.

తిరుగు ప్రయాణంలో నాలుగు గంటల బస్సు కిటకిటలాడింది. పెనుకొండ దాకా నిలబడే వచ్చాను. నా చుట్టూ బెంగళూరు నుంచి ఊళ్లకు వచ్చిపోయే కుర్రవాళ్లు, చెనక్కాయ ధర గురించి తిట్టుకునే రైతులు. వాళ్లందరికీ ఒక సంగతి చెప్పాలనిపించింది. వాన లేని ఊళ్లో, తమ రాగులతో ఎదుటివాణ్ని చుట్టంగా కూర్చోబెట్టి పెట్టే మనుషులు ఉన్నారని, వాళ్లు మా సంఘం వాళ్లని. చెప్పలేదు. ముందు మా వాళ్లకు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది.

మా ఆరాధనలో పాపపు ఒప్పుకోలు అందరం కలిసి చదువుతాం. కలిసి చదివినప్పుడు నా గొంతు నాకే వినపడదు. తర్వాతి ఆదివారం అది అయ్యాక నేను విడిగా లేచి నిలబడి, ఎర్రబండపల్లిలో చేసింది చేసినట్టు చెప్పాను. సంపూర్ణమ్మ లేచి, "ఇంక ఆ ఊరికి పోయేటోళ్లు పొట్లాలు కట్టుకోకూడదు" అంది. అందరూ చేతులెత్తారు.

ఇప్పుడు ప్రతి నెలా రెండో శనివారం బియ్యం వెంట నేనే పోతున్నాను. అలా మొదటి నెల పోయినప్పుడు వడ్డిస్తానని గరిటె అందుకోబోయాను. రాహేలమ్మ ఇవ్వలేదు. "వడ్డించేదానికి మేముండాం కదన్నా. నీ పని అది కాదు, కూచో" అంది. ఊళ్లోవాళ్లు ఆరుగురు వచ్చారు ఆ రోజు. నారాయణప్ప జరిగి, తనకూ వాళ్లకూ మధ్య నాకు చోటిచ్చాడు. కూర్చున్నాను.