మఠాధిపతి ఆగిన మంచం

మా అమ్మ మీద ఒట్టు. ఒక్క ముక్క అబద్ధమైనా ఈ చాయ్ నాకు అరగకూడదు. నవ్వండి... నవ్వుతూనే వినండి.

ఖతర్‌లో ప్రపంచకప్ కోసం స్టేడియాలు లేస్తున్న రోజులు. సైటు ఆఫీసులో చాయ్ అందించడం నా పని. అక్కడి జర్మన్ ఇంజనీరు తన ఊరి క్రైస్తవ మఠాధిపతి బొమ్మ ఒకటి గోడకు పెట్టుకున్నాడు. తొమ్మిది వందల ఏళ్ల కిందటి మనిషని చెప్పాడు. దొరల బిడ్డ. ఆస్తి వదిలేసి సన్యాసి అయ్యాడు. చర్చి కట్టిస్తూ తనూ రాళ్లు మోశాడు. ఎండదెబ్బ తగిలిన కూలీ ఒకడు రాత్రి నిద్రలోనే పోయాడట. ఎవరూ చూడలేదు. ఆ దిగులుతో ఆయన చచ్చేదాకా రాత్రిళ్లు దీపం పట్టుకుని, పడుకున్నవాళ్ల కాలి బొటనవేళ్లు నొక్కుతూ తిరిగాడట. వేలు కదిలితే ముందుకు. కదలకపోతే... అక్కడే నిలబడేవాడు.

"నిద్ర చెడగొట్టే సామి" అని నవ్వాను. బుద్ధి లేక.

ఆ సాయంత్రమే మా ఊరి లింగన్న ఎండకు కళ్లు తిరిగి, మేముండే క్యాంపుకు వచ్చాడు. రూముకు ఎనిమిది మందిమి. కింది మంచం నాది, దానిపైది అతనిది.

"దవాఖానకు పోదాం పా అన్నా."

"వద్దు తమ్మీ, డ్యూటీ పోతది. జెర నీ మంచమియ్యి. ఏసీ గాలికి పంటె తక్కువైతది."

నాకూ బద్ధకమే. మంచం ఇచ్చి పైకెక్కాను. నా పేరు రాసిన చీటీ మాత్రం కింది మంచానికే ఉంది.

నిద్ర రాలేదు. అటు దొర్లాను, ఇటు దొర్లాను. అప్పుడు... టప్... టప్... వట్టి కాళ్ల చప్పుడు. తలుపు గడియ వేసే ఉంది! కాలిన వత్తి వాసన. గోడ మీద పసుపు వెలుగు. ఒక మంచం దగ్గర ఆగింది... కదిలింది... ఇంకో మంచం... ఆగింది... కదిలింది...

నా బొటనవేలు ఎవరో నొక్కారు. మంచులాంటి చెయ్యి. మన దగ్గర బొటనవేళ్లు కట్టేది శవానికే కదా! కాలు లాక్కున్నాను. వెలుగు కిందికి దిగింది. లింగన్న దగ్గర ఆగింది.

ఇక కదల్లేదు.

ఎంతసేపో... ఒక్కసారిగా కిందికి దూకాను. వెలుగు లేదు. లింగన్న ఒళ్లు పెనంలా కాలుతోంది. ఎంత పిలిచినా పలకలేదు. అరిచి అందరినీ లేపాను. దవాఖానకు మోసుకెళ్లాం. ఇంకో అరగంట ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు.

లింగన్న ఇప్పటికీ ఊరి నుంచి ఫోన్ చేస్తాడు. "నువ్వే బతికిచ్చినవ్ తమ్మీ" అంటాడు. అతని కోసం ఆ సామి నన్ను లేపాడా... లేక కింది మంచం చీటీలో నా పేరు చూసి నా కోసమే వచ్చాడా? తెలియదు. చంపినా తెలియదు.

మొన్నటి నుంచి ఈ రూములో రాత్రిళ్లు మీ బొటనవేళ్లు నొక్కుతున్నది ఎవరని అడిగారుగా... నేనే. తిట్టుకోండి. కదిలితే చాలు నాకు.